జపాన్ ‘కతజొమె’ని ‘అచ్చు అద్దకం’ అనొచ్చా?

గుడ్డకు రంగులద్దే ఈ జపాన్ పద్ధతి గురించి నిన్న ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. పెడన కలంకారీలో చెక్క అచ్చు తగిలినచోటే రంగు పడుతుంది. కతజొమెలో పని తిరగేసి ఉంటుంది. పెర్సిమన్ కాయల రసం పట్టించి గట్టిపరచిన కాగితాన్ని సన్నటి కత్తితో చెక్కుతారు. దాన్ని గుడ్డ మీద పరిచి, బియ్యప్పిండీ తవుడూ కలిపి ఉడికించిన బంకను చెక్క బద్దతో పైనుంచి లాగుతారు. బంక ఆరాక సోయాపాలు పూసి, కుంచెతో రంగులు వేస్తారు. రంగు పట్టాక నీళ్ళలో నానబెడితే బంక ఊడిపోయి, దాని కిందున్న గుడ్డ తెల్లగా బయటపడుతుంది. అంటే ముందుగా అద్దేది, రంగు అంటకుండా కాపలా కాసే బంకను. అందుకే ‘బంక అద్దకం’ అంటే నయమని నా అభిప్రాయం.

ఇక మాట సంగతి. ‘కత’ అంటే అచ్చు, ‘సొమె’ అంటే రంగు వేయడం. కలిస్తే ‘సొ’ కాస్తా ‘జొ’ అయింది. ఆ కాగితం పేరూ అంతే: కత + కమి, కతగమి. మన అన్నదమ్ములు, తల్లిదండ్రులు గుర్తొస్తున్నారా? జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో ఇలాంటి అద్దకాన్నే ‘బింగత’ అంటారు. బిన్ + కత! ‘పూచెను + కలువలు’ పూచెం గలువలు అయిన తీరు చూడండి. రెండు భాషలకూ చుట్టరికం ఉందని అనను. వాళ్ళ నియమం వేరు: రెండో మాటలో అప్పటికే జ, గ, ద, బ లాంటి సరళం ఉంటే మార్పు జరగదు. ‘కమికజె’ (దేవుడి గాలి) అనే మాటలో ‘కజె’ (గాలి) మారకపోవడానికి కారణం అదే.

ఆ బింగతను చూసి నేర్చుకోవడానికి 1939లో ఒకినావా వెళ్ళిన కళాకారుడు సెరిజావ కేసుకె (1895–1984). జపాన్‌లో మామూలు ఆనవాయితీ ప్రకారం బొమ్మ గీసేవారు, కాగితం చెక్కేవారు, రంగు వేసేవారు వేరువేరు. ఆయన మూడూ తన చేత్తోనే చేశాడు. ‘గాలి’ అక్షరాన్ని గుడ్డపేలికలా మెలితిప్పి గుమ్మం తెర మీద వేశాడు. అక్షరాన్ని ప్రేమించే ఎవరైనా ఆ తెర ముందు ఆగిపోతారు. 1956లో ప్రభుత్వం ఆయన్ని ‘సజీవ జాతీయ సంపద’గా గుర్తించినప్పుడు, ఆ పనికి పాత పేరు చాలక మధ్యలో ‘ఎ’ (బొమ్మ) చేర్చి ‘కతయెజొమె’ అన్నారు.

కాబట్టి కతజొమె వరకు బంక అద్దకం అందాం. కతయెజొమె మాత్రం ఒక మనిషి పనితనం కోసం పుట్టిన మాట; దాన్ని తెలుగు చేయకుండా అలాగే రాయడం మంచిది.