డిమెన్షియాతో భార్యో భర్తో పోయాక: రాని కన్నీళ్లు, అర్ధరాత్రి మెలకువ, మతిమరుపు భయం

ప్రశ్న

డిమెన్షియా ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవారి కోసం ఒక బృందం నడుపుతున్నాం. రోగి బతికున్నంతకాలం ఏం చెప్పాలో తెలుసు: స్నానం, మింగడంలో ఇబ్బంది, పొద్దుగూకేసరికి మొదలయ్యే అలజడి. మనిషి పోయాక మిగిలిన భర్తకో భార్యకో ఏం చెప్పాలన్న దగ్గరే తడబడుతున్నాం. ఎక్కువగా వినిపించే మాటలివి: కన్నీళ్లు రావడం లేదు, పైగా హమ్మయ్య అనిపించింది, ఇది పాపమా? రాత్రి రెండింటికి ఇంకా మెలకువ వస్తోంది. కళ్లు మూసుకుంటే చివరి రోజుల ముఖమే తప్ప పాత ముఖం గుర్తురావడం లేదు. "కాలమే మాన్పుతుంది" లాంటివి కాకుండా, చేయదగిన పనులు చెప్పండి. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పంపాలో కూడా.

జవాబు 1

ముందు ఆ హమ్మయ్య సంగతి. డిమెన్షియా రోగులను ఇంట్లో చూసుకుని, వాళ్లను పోగొట్టుకున్న 217 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. మరణం తమకు ఊరటనిచ్చిందని 72 శాతం మంది చెప్పారు. రోగికి విముక్తి దొరికిందన్నవాళ్లు 90 శాతానికి పైనే. ఈ అంకెలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. "మీ తప్పేం లేదు" అంటే మర్యాదకు అన్నారనుకుంటారు. పదిమందిలో ఏడుగురికి ఇలాగే ఉంటుందంటే నమ్ముతారు.

కన్నీళ్లు రాకపోవడానికి కారణం, ఏడవాల్సింది చాలావరకు ముందే ఏడ్చేయడం. తన పేరు మరిచిపోయిన రోజు, "నువ్వెవరు" అన్న రోజు, మాట పూర్తిగా ఆగిన రోజు, ఒక్కోసారీ ఒక్కో చావే. మనిషి ఎదురుగా ఉంటూనే దూరమైపోయే ఈ నష్టాన్ని అమెరికా పరిశోధకురాలు పౌలిన్ బాస్ 1970ల నుంచి అధ్యయనం చేశారు. ఆ దశలో పరామర్శకు ఎవరూ రారు, కర్మకాండ ఉండదు. అందుకే ఆ దుఃఖం ఎవరి లెక్కలోకీ రాదు. అసలు చావు వచ్చి అందరూ చుట్టూ చేరేసరికి వీళ్ల కళ్లు పొడిగా ఉంటాయి. బంధువులు దాన్ని రాతిగుండె అంటే బృందం తరఫున ఎవరో ఒకరు అడ్డుపడాలి.

దుఃఖానికి ఐదు దశలని (నిరాకరణ, కోపం, బేరాలు, కుంగుబాటు, ఒప్పుకోలు) మాత్రం బోధించకండి. 1969లో ఆ దశలు రాసింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి. పోగొట్టుకున్నవాళ్లకు వాటిని కొలబద్దలా పెడితే, "నాకింకా కోపం రాలేదేంటి" అని కొత్త బెంగ పట్టుకుంటుంది.

జవాబు 2

రాత్రి రెండింటి మెలకువకు దుఃఖం ఒక్కటే కారణం కాదు. లేచి తిరిగే మనిషిని ఏళ్లతరబడి కాపలా కాసిన శరీరం ఇంకా డ్యూటీ దిగలేదు. చేయాల్సింది: రాత్రి ఎంత నిద్ర పట్టినా పొద్దున లేచే టైము మార్చకూడదు. ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చాకే తిరిగి పడుకోవాలి. గడియారం కనపడని చోట పెట్టాలి. పగటి కునుకు అరగంట దాటకూడదు. చాలామంది రోగి మంచం పక్కనే, రోగి ఉన్న గదిలోనే ఇంకా పడుకుంటుంటారు. పడక మరో గదిలోకి మార్చి చూడమనండి.

ఇంట్లో మిగిలిన మందుల సంగతి మొదటి వారంలోనే చూడాలి. నిద్రమాత్రలు, మార్ఫిన్, అలజడికి ఇచ్చిన మాత్రలు ఒంటరి మనిషి చేతికి అందేలా ఉండకూడదు. నిద్ర పట్టక వాటినే వేసుకునేవాళ్లున్నారు. నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటనిల్ పట్టీలు వాడిన తర్వాత కూడా ప్రమాదమే, వాటిలో మందు మిగిలే ఉంటుంది. జిగురువైపు లోపలికి మడిచి, మందుల దుకాణం వెనక్కి తీసుకుంటుందేమో అడగాలి.

ఇంకొకటి: వీళ్లు సొంత బీపీ, షుగరు, కళ్లు, పళ్లు ఏళ్లుగా చూపించుకోలేదు. తోడు పోయిన తొలి నెలల్లో గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్షలు వాయిదా వేయనివ్వకండి.

జవాబు 3

మీరు అడగలేదు గానీ మరో భయం ఉంటుంది, బయటికి చెప్పరు: "నాకూ అదే వస్తోందా?" తాళాలు ఎక్కడ పెట్టారో, గదిలోకి ఎందుకొచ్చారో మరిచిపోతారు. దుఃఖం, నిద్రలేమి ఏకాగ్రతను దెబ్బతీస్తాయి. మరిచిపోయింది కాసేపటికి గుర్తొస్తే, మరిచిపోయామన్న స్పృహ ఉంటే పెద్దగా భయపడక్కర్లేదు. తెలిసిన దారి తప్పడం, అడిగిందే అడుగుతూ అడిగానన్న సంగతే తెలియకపోవడం వేరు, వాటికి డాక్టరు చూడాలి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రమాత్రలు, ఈ నాలుగింటినీ ముందు తేల్చుకోవాలి. వాటివల్ల వచ్చే మరుపు చాలాసార్లు తగ్గుతుంది.

పోయినవాళ్లు పిలిచినట్టు వినిపించడం కూడా తోడు పోయినవాళ్లలో మామూలే, పిచ్చి కాదు.

పాత ముఖం ఒక్కరోజులో తిరిగి రాదు. జబ్బుకు ముందు తెలిసినవాళ్లను, అంటే పాత సహోద్యోగులు, చిన్ననాటి స్నేహితులను కూర్చోబెట్టి అప్పటి సంగతులు చెప్పించండి. ఫొటో కంటే పాత వీడియోలో గొంతు, నడక ఎక్కువ పట్టిస్తాయి. రోజుకొక చిన్న వివరం రాయించండి: దేనికి కోప్పడేవారు, చెప్పులు ఎలా విడిచేవారు. కొందరికి వీడియో మొదట్లో భరించరానిది, బలవంతపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగం. ఇంకో రెండు: "ఆహారం పోసే ట్యూబు పెట్టించి ఉంటే బతికేవారు" అని తమను తామే నిందించుకునేవారికి ఏం చెప్పాలి? సామాన్లు వెంటనే తీసేయాలా?

జవాబు 1

ముదిరిన డిమెన్షియాలో ట్యూబు ఆయుష్షు పెంచుతుందనడానికి, న్యుమోనియాను ఆపుతుందనడానికి ఆధారం లేదు. నోట్లో ఊరే లాలాజలం, కడుపులోంచి పైకి వచ్చే ఆహారం ట్యూబు ఉన్నా ఊపిరితిత్తుల్లోకి పోగలవు. వృద్ధుల వైద్యంలో పనిచేసే అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సిఫారసు కూడా ట్యూబు కాదు, చేత్తో జాగ్రత్తగా తినిపించడమే. తిండి మానేసినందుకు జబ్బు ముదరలేదు, జబ్బు ముదిరినందుకే తిండి మానేశారు. ఈ మాట చికిత్స చేసిన డాక్టరు నోట వింటే ఎక్కువ నిలుస్తుంది. కేసు కాగితాలతో ఒకసారి కలిసేలా ఏర్పాటు చేయండి.

జవాబు 2

ఆసుపత్రి మంచం, కమోడు కుర్చీ, డయపర్లు త్వరగా పంపేయడం మేలు, అవి జబ్బు గుర్తులు. బట్టలు, కళ్లజోడు, చేతిరాత జోలికి పిల్లలు తొందరపడి వెళ్లకూడదు. ఇల్లు అమ్మడం, పిల్లల దగ్గరికి మకాం మార్చడం లాంటివి వీలైతే ఏడాది ఆపాలి.

జవాబు 3

బట్టల విషయంలో నేనింత కచ్చితంగా చెప్పను. బీరువా తెరిచినప్పుడల్లా కుప్పకూలేవారికి, పెట్టెలో సర్ది కళ్లకు దూరంగా ఉంచడమే నయం. పారేయకుంటే చాలు.

డాక్టరు విషయం: పెద్దవాళ్లలో ఏడాది దాటినా దాదాపు రోజూ పోయినవారి కోసం అదే తపన, బతుక్కి అర్థం లేదన్న భావన, పనులు సాగకపోవడం ఉంటే అది చికిత్స ఉన్న స్థితి. దాన్ని జబ్బుగా గుర్తించడానికి, 2022లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్‌లో గడువు 12 నెలలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో 6 నెలలు. కానీ "నేనూ వెళ్లిపోతాను" అన్నవారి విషయంలో ఏ గడువూ చూడకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి.