అప్‌డేట్: లిస్టర్ రకం 6 హెచ్‌పీ ఆయిల్ ఇంజను ఎట్టకేలకు అంటుకుంది

ముందు అడిగింది ఇదీ: ఏళ్లుగా మూలపడ్డ 650 ఆర్‌పీఎం పాత ఇంజను, హ్యాండిల్ తిప్పితే తెల్లపొగ వదులుతోంది గానీ అంటుకోవట్లేదు, ఎందుకని.

డీజిల్ చిమ్మే నాజిల్‌లో తప్పేం లేదు. డీజిల్ లోపలికి వెళ్తోంది కాబట్టే తెల్లపొగ. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకోవడం) చాలక మండట్లేదు. డీకంప్రెషన్ లివర్ (ఎత్తితే కంప్రెషన్ వదిలేసే మీట) దించి ఫ్లైవీల్ నెమ్మదిగా తిప్పితే ఎదురు తన్నాలి. తన్నకపోగా సైలెన్సర్‌లోంచి 'స్స్' అని గాలి పోయింది. అంటే ఎగ్జాస్ట్ వాల్వు కారుతోందన్నమాట.

హెడ్ (సిలిండర్ పైమూత) దించి చూస్తే వాల్వు కూర్చునే సీటు నిండా తుప్పు. ముందు ముతక, తర్వాత సన్న గ్రైండింగ్ పేస్టు పెట్టి, వాల్వును సీటు మీద బూడిదరంగు గీత చుట్టూ ఒకేలా పడేదాకా రుద్దాలి. పోర్టులో (వాల్వు వెనక పొగ పోయే దారిలో) కిరసనాయిలు పోసి పది నిమిషాలు చూడండి, చుక్క కారకూడదు. పేస్టు రవ్వ కూడా మిగలకుండా కడగాలి, లేదంటే సిలిండర్‌ను తినేస్తుంది.

హెడ్‌కి కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాక డీజిల్ పంపు దగ్గర చిక్కుకున్న ఎయిర్ తీయాలి. నాజిల్ స్ప్రే ముందు చెయ్యి అస్సలు పెట్టొద్దు, ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది.

లివర్ ఎత్తి ఫ్లైవీల్ బాగా వేగం అందుకున్నాకే దించితే, ఇప్పుడు మూడో చుట్టుకే అందుకుంటోంది. ఆ డుగ్‌డుగ్ శబ్దం ఎంత విన్నా తనివి తీరదు! హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి.