‘దింపుడు కళ్లం’లో ఉన్నది కళ్లమా, కళ్ళెమా?

నిన్న మ్యాచ్‌లో ఆఖరి వికెట్ మిగిలినప్పుడు మావాడు ‘దింపుడు కళ్ళెం ఆశ’ అని స్టేటస్ పెట్టాడు. కళ్ళెం గుర్రానికి వేస్తార్రా అంటే, ‘మరి కళ్లం అంటే ఏంది నాయనా?’ అన్నాడు. నెల్లూరులో పుట్టి ఆ మాటా! తప్పు వాడిది కాదులెండి, ఇప్పటి పిలకాయలు వడ్లు నూర్చే కళ్లం యాడ చూశారు?

మా తాతను బోడిగాడితోట శ్మశానానికి మోసుకెళ్తుంటే దారిలో పాడె దించారు. మా పెదనాయన వంగి, చెవి దగ్గర ‘నాయనా’ అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి గొంతు రాలేదు. లేవడని తెలుసు, అయినా పిలవాలి. ఆ దించే చోటే దింపుడు కళ్లం. ఇంతకీ నా సందేహం, ఈ కళ్లమూ వడ్ల కళ్లమూ ఒకటేనా?

కావలి నుంచి: ఒకటేనన్నా. తమిళంలో ‘కళం’ అంటే నూర్పిడి చోటు, యుద్ధభూమి కూడా. మన కావ్యాల్లో యుద్ధానికి వాడే ‘కలను’ దీని చుట్టమే. అన్నిటికీ అడుగున ఉన్నది చదును చేసిన బయలు అనే అర్థం.

ఒంగోలు నుంచి: చుట్టరికం సరే, మావైపు పాడె దించేది రోడ్డు పక్కన. అక్కడ చదునూ లేదు, కళ్లమూ లేదు.

కావలి: చోటు మారింది, మాట మిగిలింది. అంతేగా.

సూళ్లూరుపేట నుంచి: మాట మధ్యలో వస్తున్నా. మా అమ్మాయి వియన్నాలో చదువుతోంది. వెళ్లినప్పుడు అక్కడి అంత్యక్రియల మ్యూజియం చూపించింది. 1967లో పెట్టారట, 2014 నుంచి పెద్ద శ్మశానం ఆవరణలోనే ఉంది. అడుగున తలుపున్న శవపేటిక ఒకటి చూశా. మీట లాగితే శవం గుంతలోకి జారుతుంది, పెట్టె మళ్లీ వాడుకోవచ్చు. రెండో జోసెఫ్ చక్రవర్తి పొదుపు, 1784 నాటిది. జనం తిరగబడితే కొద్ది నెలలకే వెనక్కి తీసుకున్నాడు. అదీ ఒక దింపుడే! నన్ను ఆపేసింది మాత్రం ఒక గంట. దాని తాడు పూడ్చబోయే మనిషికి కట్టేవాళ్లట, ప్రాణముంటే లాగి మోగించడానికి. పక్కనే ఒక కత్తి. బతికుండగా పూడుస్తారేమోనని హడలిపోయినవాళ్లు, పోయాక గుండెలో పొడిపించుకోవడానికి ముందే రాసి పెట్టుకునేవాళ్లట.

సూళ్లూరుపేట అన్నా, బాగా చెప్పారు. అక్కడ గంట మోగించాల్సింది పోయినవాడు. ఇక్కడ పిలిచేది ఉన్నవాళ్లు. మన మాట పక్కన ‘భయం’ కాకుండా ‘ఆశ’ చేరింది అందుకేనేమో. అయితే ఒంగోలాయన అడిగింది ఇంకా తేలలేదు. మొదట్లో నిజంగా పొలం కళ్లంలోనే దించేవాళ్లా? కొండపి, కనిగిరి వైపు పెద్దవాళ్లను ఎవరైనా అడిగి చెప్పండి.

మావాడు స్టేటస్ తీసేశాడు. నేను చెప్పినందుకు కాదు, మ్యాచ్ ఓడిపోయింది.