రాక్షసగుళ్లలో ఉన్నది ఏ గుడి?

గ్రూపులో పెద్దలకు ఒక ప్రశ్న. మొన్న పినపాక వైపు పని పడితే జానంపేట రాక్షసగుళ్లు చూసొచ్చాను. రాతి పలకలు నిలబెట్టి, పైన పెద్ద బండ మూతేసి, చుట్టూ గుండ్రంగా రాళ్లు పేర్చారు. లోపల దేవుడు లేడు, దీపం లేదు. సుమారు మూడు వేల ఏళ్ల కిందట మొదలుపెట్టి ఓ వెయ్యేళ్ల పాటు పెద్దరాతియుగం వాళ్లు తమవాళ్లకు కట్టుకున్న సమాధుల తీరు ఇది. అంత బండ మామూలు మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసులే ఎత్తి ఉంటారనుకున్నారు, అది సరే. మొక్కని చోటికి 'గుడి' ఎందుకొచ్చింది?

జవాబు: మా పలమనేరు పక్క ఇలాంటివాటిని పాండవుల గుళ్లంటారు. రాక్షసులు పోయి పాండవులొచ్చినా గుడి మాత్రం కదల్లేదు చూడండి. వనవాసంలో పాండవులు అక్కడ తలదాచుకున్నారని మా అవ్వ చెప్పేది. తలదాచుకునేది ఇంట్లో కదా.

జవాబు: అన్నా, గుడి అంటే గుండ్రం కూడా. చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందంటాం. 'కి' నెత్తిన చుట్టేది గుడి, సాగితే గుడిదీర్ఘం. చుట్టూ రాళ్లున్నాయని మీరే అన్నారు. మా చేనులో అయితే పైన బండే లేదు, ఒట్టి రాళ్ల వలయం.

జవాబు (అడిగినవాణ్ణి): వరదగుడి నాకు తట్టనే లేదు, బాగుంది. అయినా నా ఓటు పలమనేరు అవ్వకే. గుడిసెలో ఉన్నదీ ఈ గుడే. తమిళంలో 'కుడి' అంటే ఇల్లు, కాపురం, కుటుంబం. మనకు అది దేవుడి ఇంటి దగ్గర ఆగిపోయింది. కర్ణాటకలో కొప్పళ జిల్లా హిరేబెణకల్‌లో ఇలాంటివి నాలుగు వందల దాకా ఉన్నాయి, అక్కడి జనం వాటిని 'మోరియర మనె' అంటారు, మోరియరులనే పొట్టివాళ్లు అందులో కాపురమున్నారని కథ. మనె అంటే ఇల్లే, దానికి ఇంకో అర్థం లాగలేం. పైగా ఇలాంటి సమాధుల్లో కొన్నిటికి ముందు పలకలో గుండ్రంగా కన్నం తొలిచి ఉంటుంది, చూడగానే వాకిలి అనిపిస్తుంది. లోపల నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, ఇనుప కత్తులు, కొడవళ్లు. కొత్త కాపురానికి సామాను సర్దినట్టు లేదూ? ఇంకోటి, చాలా చోట్ల శవాన్ని నేరుగా తెచ్చి పెట్టలేదు, ఎక్కడో ఉంచి ఎముకలు మిగిలాక ఏరి తెచ్చి ఇందులో చేర్చారు. అంటే ఏడుపు ఒక్కరోజుతో అయ్యేది కాదు.

జవాబు: రాయితో ఇల్లు కట్టేదాకా మనిషికి ఉన్నది ఒట్టి గుంటేనా?

జవాబు (అడిగినవాణ్ణి): గుంటే, కానీ ఒట్టి గుంట కాదండీ. కెన్యాలో పంగా యా సైదీ అనే గుహలో 78 వేల ఏళ్ల కిందటి పసిబిడ్డ దొరికింది, 2021లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మూడేళ్లు కూడా సరిగ్గా ఉండవు. మోకాళ్లు ముడిచి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. ఎముకలు సర్దుకున్న తీరును బట్టి ఒంటికి గట్టిగా ఏదో చుట్టారని, తల కింద దిండులాంటిది పెట్టారని, అది కుళ్లాక తల వాలిపోయిందని చెబుతున్నారు. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహ ఇంకా పాతది, అక్కడ ఒక పిల్లవాడి మీద జింక కొమ్ములు ఉంచారు. ఇరాక్ షానిదార్ గుహలో నియాండర్తాల్ (మనకు దగ్గరి, అంతరించిపోయిన మానవ జాతి) మనిషి దగ్గర పుప్పొడి దొరికితే, పూలు చల్లారని ఎంతో రాశారు గానీ, ఆ పుప్పొడి ఎలుకలో తేనెటీగలో తెచ్చి ఉండొచ్చని తర్వాత వేరేవాళ్లు అన్నారు. పూలు లేకపోతే పోనీ, నాకు ఆ దిండు చాలు.

మనకు దగ్గరలో పుణె జిల్లా ఇనాంగావ్ ఉంది. మూడు వేల ఏళ్ల పైమాటే, అక్కడ పసిపిల్లల్ని రెండు కుండల్లో పెట్టి, కుండల మూతులు కలిపి ఇంటి నేల కిందే పాతారు. ఇల్లూ బొందా ఒకటే. మనలో కాల్చే ఆచారం ఉన్న ఇళ్లలో కూడా పసివాళ్లను పాతిపెట్టడమే కదా.

జవాబు: బొందా? 'నీ బొంద'లో బొందేనా? మా గుంటూరులో రోజుకు పదిసార్లు అంటాం, అర్థం ఎవరూ అడగరు.

జవాబు (అడిగినవాణ్ణి): అదే. మా తెలంగాణలో బొందంటే సమాధి గుంట, శ్మశానం బొందలగడ్డ. రోజుకు పది గోతులు తవ్వుతున్నారన్నమాట మీరు.

జవాబు: రాళ్ల వలయం గురించి రాసింది నేనే. ఇప్పుడే మా నాయనకు ఫోన్ చేసి వాటిని ఏమంటరని అడిగిన. "ఏమంటరు, గుండ్లంటరు" అన్నడు. అంటే గుళ్లు కాదు, గుండ్లు! ఇప్పుడు నాకు కొత్త డౌటు, అన్నిచోట్లా గుండ్లే గుళ్లయినయా? నాయనకు ఈ గోల పట్టలే. "మీ తాత అరక కట్టినప్పుడు ఆ వలయం దాకా పోయి మళ్లిచ్చేటోడు, లోపట ఎన్నడూ దున్నలే" అన్నడు. ఎందుకని అడిగితే తెల్వదన్నడు. ఇప్పుడు ట్రాక్టర్ నడిపేది మా తమ్ముడు, వాడూ అట్లనే తిప్పుకుంటడు.