"బొంకవచ్చు నఘము": మూడో పాదం మొదట ఏముంది?

కాజీపేట: పోతన భాగవతంలో, వామనుడికిచ్చిన మాట తప్పినా పాపం లేదని బలికి శుక్రాచార్యుడు చెప్పే పద్యంలో "మానభంగమందు" దాకా నోటికి వస్తోంది. తర్వాత "భీత గోకులాగ్రజన్మ" అని వస్తోంది కానీ ఎక్కడో తేడా కొడుతోంది. మావాళ్లం కలిసి ఒక ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్‌కి కథ రాస్తున్నాం, అందులో గురువు రాజును మాట తప్పమని ఒప్పించాలి. ఈ ఆటల్లో చెడ్డ దారి అంటే ఊరు తగలబెట్టు, ముసలామెను దోచుకో, ఇంతే. ఎవరు నొక్కుతారు ఆ బటన్? మాస్ ఎఫెక్ట్ అనే గేమ్‌లో దాదాపు 92 శాతం మంది మంచివాడి దారే పట్టారని, దానికి పనిచేసిన ఆయనే ఒకరు 2020లో చెప్పారు. రెండో వైపు రాసిందంతా ఎంతమంది చూసినట్టు? నాకు శుక్రుడి లాంటోడు కావాలి.

హనుమకొండ: భీత కాదు తమ్మీ, చకిత. భీ పెడితే "జన్మ"లో జ-తో యతి ఎట్లా కుదురుతుంది?

పరకాల: యతి సరే సార్, ఆ చకిత, అంటే బెదిరిన అన్న మాట, ఆవులకేనా, బ్రాహ్మలకు కూడానా? ఆవులకే అంటాను నేను. బెదురు చూపు ఆవుది.

హనుమకొండ: సమాసం మొత్తానికి. "కారే రాజులు" పద్యంలో "ఈరే కోర్కులు" దగ్గర కూడా మీరు ఇట్లాగే పట్టుకుని కూర్చున్నారు.

జనగామ: అసలు సంగతి నాలుగో పాదంలో ఉంది. సంస్కృత భాగవతంలో ఇక్కడ "నానృతం స్యాజ్జుగుప్సితమ్" అని ఉంది, అంటే ఆ అబద్ధం రోయదగింది కాదు, అంతవరకే. పోతన "అఘము వొంద దధిప" అని పాపమే అంటదని హామీ ఇప్పించేశాడు. అక్కడ "వృత్త్యర్థే" అని బతుకుదెరువు మాట ఉంటే, ఇక్కడ విత్తం, మానం అయ్యాయి. మూడు లోకాలేలేవాడికి బతుకుదెరువు గురించి చెబితే ఏం వింటాడు? మానం పోతుందంటే చెవి ఒగ్గుతాడు. తమ్ముడికి కావాల్సింది ఇదే అనుకుంటా, చెడ్డ పని చెయ్యమనేవాడు కాదు, ఇందులో చెడు లేదని నచ్చజెప్పేవాడు, అదీ నిజంగా మన మేలు కోరేవాడు.

హనుమకొండ: జుగుప్సితం అంటే నింద్యం. నింద్యం కానిది పాపం ఎట్లవుతుంది? పోతన కొత్తగా కలిపిందేమీ లేదు.

కాజీపేట: నాకు జనగామ సార్ మాటే పనికొస్తుంది. మా దాంట్లో ఇంకో తప్పు కూడా ఉంది, మంచి దారిలో పోయినోడికి చివర్లో పెద్ద కత్తి ఇస్తున్నాం. అది పీకేస్తా. మాట నిలబెట్టుకుంటే రాజ్యం పోవాలి, నిజంగా పోవాలి.

పరకాల: బలికి సుతలం ఇచ్చి, వాకిట విష్ణువే కాపలా ఉన్నాడు కదా తమ్మీ. అంతకన్నా పెద్ద కత్తి ఏముంది?

కాజీపేట: ధార పోసేటప్పుడు అది ఆయనకు తెలియదు కదన్నా.

జనగామ: మా బమ్మెరాయన పోతననే చూడండి. రాజు సింగభూపాలుడికి భాగవతం అంకితం ఇయ్యలేదని చెప్పుకుంటాం, "ఇమ్మనుజేశ్వరాధములకు", అంటే ఈ అధమ రాజులకు ఇయ్యను అన్న నోరు అది. లొంగిపొమ్మనే వాదం ఎంత తియ్యగా ఉంటుందో ఆయనకు బాగా తెలిసే ఉంటుంది. ఇక్కడెవరైనా పోతనది ఒంటిమిట్ట అన్నారంటే నేను లేచిపోతా.

హనుమకొండ: ఒంటిమిట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు. పోతనకు ముందే నన్నయలో ఇదే వాదం ఉంది, "చను బొంకగ" కందం, తనను చేరనని శుక్రుడికిచ్చిన మాట తప్పమని శర్మిష్ఠ యయాతితో అనేది. మీ ఆటలో ఆవిడను పెట్టుకోండి. శుక్రుడి మాట బలి వినలేదు, శర్మిష్ఠ మాట యయాతి విన్నాడు.

పరకాల: విన్నందుకు ముసలితనం శాపం పెట్టింది ఎవరు సార్? ఈ శుక్రుడే కదా!

హనుమకొండ: అక్కడ కూతురి సంగతి వచ్చింది, యయాతి భార్య దేవయాని శుక్రుడి బిడ్డ. అది వేరే లెక్క.

పరకాల: వేరే ఎట్లవుతుంది? బొంకవచ్చనే పద్యం "వారిజాక్షులందు", ఆడవాళ్ల విషయంలో, అనే కదా మొదలుపెట్టింది?