గట్టా, గుట్టా?

అడిగినవారు: "గట్టు దాటు రాశి గుర్తును మార్చురా". పక్షాంతరం (సమీకరణంలో రాశిని సమాన గుర్తుకు అవతలికి పంపడం) చెప్పేటప్పుడు మా లెక్కల మాస్టారు పాడేవారు. మిగతా పాదాలు ఎంత తవ్వినా రావడం లేదు. ఎవరిదిది?

ఛందోప్రియ: ఆటవెలది. మొదటి పాదమో మూడోదో. గణాలు సరిపోయాయి గానీ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన) చెడింది. గ, గు కుదరవు. ప్రాసయతి (వాటి పక్కనున్న రెండో అక్షరాల పొంతన) అందామంటే ట్టు ఎక్కడ, ర్తు ఎక్కడ? మీరు తప్పు విన్నారు, అది "గుట్ట దాటు".

మడికట్టు: యతి కోసం గుట్టలెక్కిస్తారా? సమాన గుర్తు చూడండి, అచ్చం రెండు గట్లు.

ఛందోప్రియ: కొన్నిచోట్ల గట్టన్నా కొండే కదండీ.

పాతపుస్తకం: నాకైతే పావులూరి మల్లన ధోరణి కనిపిస్తోంది. 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించిన మహానుభావుడు! లెక్క కోసం తెరిస్తే కవిత్వంలో పడతాం.

మడికట్టు: మల్లనకు సమాన గుర్తెక్కడిది? ఆ రెండు గీతలు 1557లో రాబర్ట్ రికార్డ్ పుస్తకంతో వచ్చాయి. దాటడానికి గట్టే లేదు.

పాతపుస్తకం: ధోరణి అన్నాను. రచన అనలేదు.

లెక్కల టీచర్: చిక్కంతా 'గుర్తు'లో ఉంది. 3ఎక్స్ + 5 = 20 తీసుకోండి. 5 అటు వెళ్లి మైనస్ 5 అయింది, 3ఎక్స్ = 15. ఇక్కడిదాకా పద్యం నిజమే. ఇప్పుడు 3 కూడా దాటాలి. పద్యాన్ని నమ్మిన పిల్లాడు 15ని మైనస్ 3తో భాగించి, ఎక్స్ = మైనస్ 5 అని రాసి కింద రెండు గీతలు కూడా కొడతాడు. నిన్న దిద్దిన పేపర్లలో రెండు ఇలాంటివే. మారాల్సింది 3 ముందున్న ప్లస్ కాదు, అది చేస్తున్న పని. గుణిస్తున్నది కాస్తా భాగించాలి.

ఛందోప్రియ: ఆహా! అయితే "గుట్ట దాటు రాశి గుణమును మార్చురా". గణం నిలిచింది, యతి నిలిచింది, గుణకారమూ ధ్వనించింది.

అడిగినవారు: గుర్తు అనే విన్నానండీ, ఒట్టు.

గ్రాఫుపిచ్చి: గ్రాఫు గీస్తే అసలు దాటేదేమీ లేదు. వై = 3ఎక్స్ + 5, వై = 20 గీతలు ఎక్స్ విలువ 5 దగ్గర కలుస్తాయి. రెండువైపులా 5 తీసేస్తే రెండు గీతలూ ఐదేసి గళ్లు కిందికి దిగుతాయి. 3తో భాగిస్తే ఏటవాలు గీత వాలు 3 నుంచి 1కి పడిపోతుంది, అడ్డగీత 15 నుంచి 5కి దిగుతుంది. కలిసే బిందువు మాత్రం నూతిలో చేదలా నిలువునా దిగిందే తప్ప పక్కకు జరగలేదు. ఎక్స్ అప్పుడూ 5, ఇప్పుడూ 5.

మడికట్టు: వాలు! ఎంత చక్కటి మాట. గీత అక్షాన్ని ఖండించే చోటుకు 'అంతరఖండం' అని పేరు పెట్టినవాళ్లే దీన్నీ పెట్టారంటే నమ్మను.

ఛందోప్రియ: రెండో పాదం కుదిరింది (నాదే): "కూడి వచ్చెనేని కోత పెట్టు". అన్నీ సూర్యగణాలే, యతి కూ–కో.

లెక్కల టీచర్: గుణించి వస్తే?

ఛందోప్రియ: అది మూడో పాదం. రేపు.

అడిగినవారు: నేనడిగింది ఎవరిదని...