డిప్రెషన్ మాత్ర 10 నుంచి 20కి పెంచారు, జబ్బు ముదిరినట్టా?

నాగావళి (శ్రీకాకుళం)
మా ఆయనకి రెండు నెలలుగా ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ నడుస్తోంది. నిద్ర పడుతోంది, అన్నం తింటున్నారు. కానీ పొలం వైపు తొంగి చూడరు, పిల్లలు పలకరిస్తే ఊఁ అంటారంతే. మొన్న డాక్టరు గారు 20 చేశారు. మందు పెరిగిందంటే జబ్బు ముదిరినట్టేనని అత్తగారు ఒకటే ఏడుపు. పెంచాక ఎన్నాళ్ళకి తేడా తెలిసింది? పొద్దున్న వెయ్యాలా, రాత్రా? తర్వాత మళ్ళీ తగ్గిస్తారా?

బొబ్బిలి వాసి
తగ్గించడం గురించి నన్నడగండి. నాది పారోక్సెటిన్, ఇదీ డిప్రెషన్ మందే. సరుకు అయిపోయిందని, వారంలో వస్తుందిలే పర్లేదని షాపువాడు పంపేశాడు. రెండు మూడు రోజులకే తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు, వాంతులు, ఊరికే కోపం. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లో హడలిపోయారు. జబ్బు కాదది, మందు ఉన్నట్టుండి ఆగినందువల్ల. ఇదే రకం మందు ఫ్లుయోక్సెటిన్ అయితే ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, పారోక్సెటిన్ అలా కాదు. మెల్లగా దిగాలి, అందులోనూ చివరి కొద్ది ఎంజీలే కష్టం.

మందుల మాస్టారు (విజయనగరం)
షాపులోనే జుట్టు నెరిసింది నాకు. 10తో ఏ పనీ జరగదమ్మా, 20 దగ్గరే అసలు మందు మొదలు. పాత స్ట్రిప్పు మిగిలితే పారెయ్యకండి, రెండేసి వెయ్యండి.

రాజాం నర్సు
మాస్టారూ, ఆ మాట ఎలా రాశారు? పాతది ప్లెయిన్ మాత్రో, క్లోనజెపామ్ (ఆందోళన తగ్గించే మత్తు మందు) కలిసినదో మీకు తెలుసా? మన దగ్గర చాలామందికి కలిపిన మాత్రే రాస్తారు, 10 ఎంజీతో పాటు క్లోనజెపామ్ 0.5. రెండేస్తే అది 1 ఎంజీ. మత్తు, తూలడం, ఆపైన అలవాటు.

నాగావళి గారూ, ముదరడం కాదు. 10కి కొంత గుణం కనిపించి ఆగిపోతే 20 చూడటం మామూలే. అయితే రెట్టింపు మందుకి రెట్టింపు గుణం రాదు. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాక్కునే ప్రోటీన్లలో 80 శాతం దాకా మామూలు డోసుకే మూతపడతాయి. 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ కూడా ఇదే చెప్పింది: వేరే మందుల డోసుల్నీ ఫ్లుయోక్సెటిన్ డోసు లెక్కలోకి మార్చి చూస్తే 20–40 ఎంజీ మధ్యే మేలు ఎక్కువ, డోసు పెరిగేకొద్దీ సైడ్ ఎఫెక్టులకి మానేసేవాళ్ళు పెరిగారు.

మందుల మాస్టారు
సగటు లెక్కలు నాకు చెప్పకండి. 20కి లేచి కూర్చున్నవాళ్ళని కళ్ళారా చూశాను.

రాజాం నర్సు
చూసే ఉంటారు. పెంచినందుకు లేచారో, ఇంకో నెల గడిచినందుకు లేచారో కౌంటరు దగ్గర ఎలా తెలుస్తుంది? మందు పూర్తిగా పట్టడానికే నాలుగు నుంచి ఆరు వారాలు.

కవిటి కుర్రాడు
ఎంతసేపూ ఎంజీల గొడవేనా? మా నాన్న ఉద్దానం కిడ్నీ రోగి. డయాలసిస్ మొదలయ్యాక మాట్లాడటమే మానేశాడు. డిప్రెషన్‌కి సెర్ట్రలైన్ 25 ఎంజీతో మొదలుపెట్టి 50 దగ్గర ఆపారు. కిడ్నీ పాడైనా దాని డోసు తగ్గించక్కర్లేదన్నారు, కానీ పెద్దవయసులో సోడియం పడిపోవచ్చని రక్త పరీక్ష చేయించారు. మందుతో నిద్ర వచ్చింది. కొబ్బరి తోట అమ్ముకున్న దిగులు ఏ డోసుకి పోతుంది? పక్క మంచం ఆయనతో కబుర్లు కలిశాకే నవ్వాడు.

ఎస్.కోట అమ్మ
మావాడు డిగ్రీ. డోసు మార్చిన మొదటి వారాల్లో 25 ఏళ్ళ లోపు పిల్లలకి చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని, కనిపెట్టుకుని ఉండమని డాక్టరు ముందే చెప్పారు. రాత్రంతా గదిలో ఒకటే తిరుగుడు. ఫోన్ చేస్తే వెంటనే పాత డోసుకి దించారు. డాక్టరు దొరక్కపోతే టెలిమానస్ (మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి చెయ్యండి, డబ్బులక్కర్లేదు.

చీపురుపల్లి
మగవాళ్ళు రాయనిది నేను రాస్తాను. డోసు పెరిగాక కోరిక పోయింది. డాక్టరుకి చెప్పాక మందు మార్చారు. మీ ఆయన్ని డాక్టరు గదిలో ఒంటరిగా మాట్లాడనివ్వండి అక్కా.

బొబ్బిలి వాసి
విశాఖ మానసిక ఆస్పత్రికి ఈ వైపు నుంచి ఎవరైనా వెళ్తున్నారా? బస్సులో ఊరివాళ్ళు కనిపిస్తే ఏం చెప్పాలో అన్నదే నాకు టెన్షన్.

నాగావళి
స్ట్రిప్పులు చూశాను. పాతది కలిపినదే, కొత్తది ప్లెయిన్. పొద్దున్నా రాత్రా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

రాజాం నర్సు
నిద్ర చెడితే పొద్దున్న, మగత వస్తే రాత్రి. తిండితో సంబంధం లేదు. కానీ అసలు సంగతి, రెండు నెలలు వేసిన క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆపకూడదు. ఎలా తగ్గించాలో ఇవాళే డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. మాస్టారూ, ఆ రెండేసి మాట ఇంకా పైన అలాగే ఉంది. తీసెయ్యండి.